మామకు ఓటీ పడింది

మొన్న అమీర్‌పేట మెట్రో స్టేషనులో, మోకాళ్ళ సంగతి తెలిసినదాన్ని కనుక కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతూ ఉంటే, కింద నిలబడ్డ ఒక అమ్మాయి నా చేతిలో కరపత్రం పెట్టింది. కొద్ది నెలల్లోనే యానిమేషన్ నేర్పించి ఉద్యోగం కూడా ఇప్పిస్తారట. నన్ను చూసి ఇచ్చిందో, నా వెనక వస్తున్న కుర్రకారును చూసి ఇచ్చిందో అడగలేదు గానీ నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాను. అమ్మాయీ, మీ అమ్మ పలక పట్టుకుని బడికి పోయే రోజుల్లోనే ఈ అమీర్‌పేటలో నేను ఈ పనే చేశాను అని చెప్పాలని నాలుక దాకా వచ్చింది. చెబితే ఏం సినిమా చేశారు ఆంటీ అని అడుగుతుంది. గొడవంతా ఆ సినిమాతోనే కనుక నోరు మూసుకుని వచ్చేశాను.

నా ఈడు వాళ్ళకు ఎనభైల నాటి అమీర్‌పేట గురించి వేరే చెప్పనక్కర లేదు. ఇప్పుడంటే మేడలన్నిటినీ బోర్డులు కప్పేసి గోడ రంగేమిటో కూడా తెలియకుండా చేశాయి గానీ, అప్పుడు మెయిన్ రోడ్డు దిగి గల్లీలోకి తిరిగితే పెంకుటిళ్ళూ, జామచెట్లూ, అరుగుల మీద ఆరబోసిన మిరపకాయలూ కనిపించేవి. సాయంత్రం సనత్‌నగర్ ఫ్యాక్టరీలు వదిలే వేళకు బస్సులు ఒక పక్కకు ఒరిగిపోతూ వచ్చి, టిఫిన్ డబ్బాలు పట్టుకున్న మగవాళ్ళను గుంపులుగా దింపి పోయేవి. మేము పంజాగుట్టలో ఉండేవాళ్ళం. మా మేనత్త, అంటే మా బాపుకు స్వయానా అక్క, అమీర్‌పేట గల్లీలో ఉండేది. పిల్లలు లేరు. పంజాగుట్ట నుంచి నడిచిపోయేంత దూరమే కనుక నా చిన్నతనం సగం ఆమె ఇంట్లోనే గడిచింది.

మా మామ సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. నేను పదో తరగతిలో ఉండగా గుండె నొప్పి వచ్చి పోయాడు. పంజాగుట్ట శ్మశానంలోనే దహనం చేశారు. అత్త అప్పుడు ఏడవవలసిన ఏడుపంతా ఏడ్చింది, తరువాత కళ్ళు తుడుచుకుని తన వంట తాను వండుకుంటూ గట్టిగానే నిలబడింది. నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చునే నాటికి ఆమెకు మరుపు మొదలైంది. ముందు పొయ్యి మీద పెట్టిన గిన్నెను మరిచేది, తరువాత ఆ రోజేమిటో మరిచేది, చివరికి ఒక సాయంత్రం, మామ పోయాడన్న సంగతే మరిచిపోయి, ఫ్యాక్టరీ బస్సు వచ్చే వేళకు తల దువ్వుకుని గేటు దగ్గర నిలబడింది.

ఆ రోజు మా బాపు అక్కడే ఉన్నాడు. అక్కకు పిచ్చి పట్టిందేమోనని భయపడి, బావ పోయి ఏళ్ళయింది కదక్కా అని ఉన్న మాట అనేశాడు. అంతే, ఆమె ఆ క్షణాన, ఆ గేటు దగ్గర, కొత్తగా విధవ అయింది. గల్లీ అంతా పోగయ్యేలా నేల మీద పడి ఏడ్చింది, మరునాటి దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మరునాడు సాయంత్రం మళ్ళీ తల దువ్వుకుని గేటు దగ్గర నిలబడి, నా వైపు తిరిగి, మీ మామ ఇంకా రాలేదేంది బిడ్డా అని అడిగింది. ఏం చెప్పాలో తోచక నోటికి వచ్చింది చెప్పాను.

“ఓటీ పడ్డదట అత్తమ్మా.”

“గీ ఓటీలు పాడుగాను, మనిషిని పీక్క తింటున్నయ్,” అని ఫ్యాక్టరీ వాళ్ళను నాలుగు తిట్టి, లోపలికి పోయి, మామకు ఒక కంచం మూతపెట్టి ఉంచి, తాను తిని పడుకుంది.

ఓటీ అంటే ఓవర్‌టైం. సనత్‌నగర్ బస్సు ఎక్కే ఇళ్ళన్నిటిలోనూ అది తెలుగు మాటే అయిపోయింది. మొగుడు ఆలస్యమైతే ఓటీ, పండగ నాడు రాకపోతే ఓటీ. నేను చెప్పిన మాట ఎవరూ ఎవరికీ చెప్పకుండానే గల్లీ మొత్తం అందుకుంది. నేను లేనప్పుడు పక్కింటావిడ చెప్పేది, ఆమె లేకపోతే మూల మీది పాన్ డబ్బా చాచా తమలపాకుకు సున్నం రాస్తూనే, “ఓటీ హై అమ్మా, జర్రసేపట్ల వస్తడు, ఫికర్ జెయ్యకు” అని అరిచి చెప్పేవాడు. ఆ ఒక్క మాట పడితే ఆమె కడుపులోకి ఇంత అన్నం పోయేది, పడకపోతే పోయేది కాదు. ఇంతకంటే ఉపకారం ఒక గల్లీ ఒక మనిషికి ఏం చేయగలదో నాకు ఇప్పటికీ తెలియదు.

అలాంటి ఇంటి ముందు గదులను మా బాపు సినిమావాళ్ళకు అద్దెకిచ్చాడు. సినిమావాళ్ళంటే హీరోలు కాదు లెండి. సినిమా హాళ్ళలో అసలు బొమ్మకు ముందు వేసే సబ్బుల, బనియన్ల ప్రకటనలకు కదిలే బొమ్మలు గీసే చిన్న సంస్థ. కోస్తా నుంచి వచ్చిన డైరెక్టరు గారు ఒకరు, కెమెరా చూసే భాయ్ ఒకడు. అద్దెకిచ్చేటప్పుడు మా బాపు పెట్టిన షరతు ఒక్కటే: మా అక్క బావ కోసం అడిగితే ఓటీ అని చెప్పాలి, నిజం చెప్పకూడదు. డైరెక్టరు గారు చేతులు జోడించి, అంతకంటేనా అండీ అన్నారు. గారు అని రాస్తున్నాను చూడండి, వేలికి అలవాటైపోయిన గౌరవం, మనసులో చుక్క కూడా లేదు.

అత్త గేటు ముందు పొద్దున్నే నేను వేసే ముగ్గు చూసి, గీత వణకడం లేదే అని ఆయనే నాకు పని ఇచ్చారు. పారదర్శకంగా ఉండే పల్చటి షీట్లు ఉండేవి, వాటిని సెల్లులు అనేవాళ్ళం. ఇప్పుడు సెల్ అంటే ఫోను, అప్పుడు మాకు అదే కాగితం, అదే పలక. డైరెక్టరు గారు పెన్సిలుతో తెల్ల కాగితాల మీద గీస్తే, కింద ట్యూబ్‌లైటు వెలుగుతున్న గాజు బల్ల మీద ఆ కాగితం పెట్టి, పైన సెల్లు పరిచి, నేను ఇంకుతో గీత దింపి, వెనక్కి తిప్పి రంగు నింపేదాన్ని. చెయ్యి ఎత్తాలంటే ఒక డజను బొమ్మలు, కన్ను ఆర్పాలంటే ఇంకో నాలుగు. కెమెరా భాయ్ ఒక్కొక్కటీ పెట్టి ఫోటో తీసి, తీసేసి, మరొకటి పెట్టేవాడు. మెడ విరిగేది గానీ, ఆడినప్పుడు మన గీత నడుస్తుంటే ఆ మురిపెం ఆ మురిపెమే.

ఆయనకు సబ్బులు, బనియన్లు చాలలేదు. ఒంటరితనం మీద, జ్ఞాపకం మీద ఒక చిన్న సినిమా తీసి ఢిల్లీలోనూ బొంబాయిలోనూ పెద్దవాళ్ళకు చూపించాలని పట్టు పట్టారు. కథ వెతుక్కోవడానికి ఎక్కడికీ పోలేదు, వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే రోజూ సాయంత్రం గేటు దగ్గరికి అదే వచ్చింది. ఒక ముసలామె భర్త కోసం ఎదురుచూస్తుంది, అందరూ వస్తాడంటారు, చివర్లో ఆమెకు ఆయన లేడని తెలుస్తుంది. ఆయన చెయ్యి మంచిదే, అబద్ధమాడను. మా అత్త గేటు గొళ్ళెం మీద వేళ్ళు పెట్టడం, బస్సు చప్పుడుకు మెడ ఒక్కసారిగా సాగడం, కొంగుతో చెమట తుడుచుకోవడం చూస్తే ఆమె కాగితంలోకి నడిచి వెళ్ళిందేమో అనిపించేది. నేను సంబరపడ్డాను కూడా. మా అత్త బొమ్మ సినిమాలో కదులుతుందంటే సంబరం కాదా మరి?

చివరి ఘట్టం దగ్గర ఆయన ఆగిపోయారు. నిజం తెలిసినప్పటి ముఖం రావడం లేదు. గీసేవారు, చింపేవారు, అద్దం ముందు తానే ముఖం పెట్టి చూసుకునేవారు, ప్రాణం లేదమ్మా ఇందులో అని ఉండ చుట్టి మూలకు విసిరేవారు. ఇలా కొన్నాళ్ళు గడిచాక ఏమైందో ఏమో, ముఖాలు రావడం మొదలయ్యాయి. ఆయన హుషారు చూడాలి! మా అందరికీ సమోసాలు తెప్పించారు, నేనూ లొట్టలు వేసుకుంటూ తిన్నాను. ఆ రోజుల్లోనే, సాయంత్రం అయ్యేసరికి రంగులనో రీళ్ళనో ఏదో ఒక పని చెప్పి నన్ను ఖైరతాబాదుకు తోలేవారు. తిరిగి వచ్చేసరికి అత్త గదిలో దీపం ఉండేది కాదు, మూతపెట్టిన కంచం ఉండేది కాదు. నలత చేసి తొందరగా పడుకుందనుకున్నాను.

ఆ కట్ట నా బల్ల మీదికి వచ్చింది. మొదటి కాగితం గాజు మీద పెట్టి దీపం వేశానో లేదో గుర్తుపట్టాను. అది కల్పించి గీసిన ముఖం కాదు. మా బాపు నిజం చెప్పిన నాడు గేటు దగ్గర నేను కళ్ళారా చూసిన ముఖం, పై పెదవి ఒక పక్కకు పోయి, గడ్డం వణికే ముఖం. అయినా గొప్పగా ఊహించారు అనుకుని రెండోది పెట్టాను, మూడోది పెట్టాను. అక్కడ పట్టుకున్నాను. మొదటి బొమ్మలో భుజం మీద రుద్రాక్ష అంచు చీర. మూడో దానిలో గళ్ళ చీర. ఇంకొంచెం కిందికి పోతే సన్నంచు నేత చీర, కుట్లు వేసిన చోటుతో సహా. ఆ కుట్లు వేసింది నేనే. ఒక్క గుక్కలో ఏడ్చే ఏడుపుకు ఇన్ని చీరలెందుకు మారుతాయి? పక్కన పెన్సిలుతో చిన్నగా రాసి ఉంది, చీర అన్నిటికీ ఒకటే వేయవలెను అని.

కాగితాలు పట్టుకుని కెమెరా గదిలోకి పోయాను. భాయ్ నా ముఖం చూసి తల దించుకున్నాడు. అడగకముందే చెప్పాడు.

“నేను మొదటి దినమే చెప్పిన అక్కా. నక్కో సార్, గా ముసలమ్మ ఉసురు తగుల్తది మనకు అన్న. ఇనలే. రోజూ గేటు కాడికి పోవుడు, నీ మొగడు సచ్చిపోయిండమ్మా అనుడు, స్టూలు మీద కూసొని గీసుడు. తెల్లారితే ఆమెకు యాదుండదు గద, మళ్ళ పోవుడు.”

మీకు అర్థమయ్యే ఉంటుంది. నటులకు డైరెక్టర్లు మరో టేకు అంటారే, అలా. నా మేనత్తను ఆ మనిషి రోజుకొకసారి విధవను చేశాడు, చేసి, పెన్సిలు చెక్కుకుని ఎదురుగా కూర్చున్నాడు. ముందు రోజు ముక్కు సరిగ్గా కుదరకపోతే మరునాడు మళ్ళీ చేశాడు. ఏడుపు విని వచ్చిన పక్కింటావిడనూ, ఓటీ మాట చెప్పడానికి వచ్చిన పాన్ డబ్బా చాచానూ, రిహార్సలు జరుగుతోంది అడ్డు రావద్దు అని గేటు బయటే నిలబెట్టాడట. పాపం, వాళ్ళూ సినిమావాళ్ళ పని కదా అనుకుని వెళ్ళిపోయారు.

నేను నోరున్నదాన్నే. వసారాలోకి పోయి అడగకూడని మాటలన్నీ అడిగాను, గల్లీ కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మీ అమ్మకు ఇట్లనే చెప్పి గీసుకోరాదుండ్రి సార్ అని కూడా అన్నాను. ఆయనకు కోపం రాలేదు, అదీ నా బాధ. తప్పు చేసినవాడి ముఖం కూడా పెట్టలేదు, లెక్కల మాస్టారు మొద్దు పిల్లకు విడమరిచినట్టు నిదానంగా చెప్పాడు.

“ఏంటమ్మా ఆ ఆవేశం? రేపటికి ఆవిడకి గుర్తుండదు కదా. మరి బాధ ఎవరికి మిగిలిందో చెప్పు. మనకి మాత్రం బొమ్మ మిగిలింది.”

ఎవరికి మిగిలిందో ఆ సాయంత్రమే తెలిసింది. నేను ఖైరతాబాదు పోలేదు, అత్త దగ్గరే కూర్చున్నాను. బస్సు చప్పుడు వినబడగానే ఆమె లేచింది. తల దువ్వుకోవడానికి కాదు. పోయి తలుపు గడియ పెట్టింది, కిటికీ రెక్క మూసింది, మంచం కోడుకు ఆనుకుని నేల మీద ముడుచుకు కూర్చుంది. ఏమైందత్తమ్మా అంటే, “ఏమో బిడ్డా, తెల్వది. గీ యాళైతే సాలు గుండె దడదడ అంటది. ఎవలో వస్తరు,” అంది. నేను దగ్గరికి జరిగి, మామకు ఓటీ పడ్డదట అత్తమ్మా అన్నాను. రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఇన్నాళ్ళు ఆమెకు అన్నం పెట్టిన మాట అది. సంగతి ఆమె మరిచిపోయింది, నిజమే. ఏడుపును మాత్రం ఒళ్ళు మరిచిపోలేదు. మామ కోసం ఎదురుచూసే ఆ గడియ ఒక్కటే ఆమె బతుకులో మిగిలి ఉండేది, దాన్ని కూడా లాక్కుని సినిమాలో పెట్టుకున్నాడు.

మా బాపు వచ్చి నిలదీస్తే డైరెక్టరు గారు దండాలు పెట్టి, పని అయిపోయిందండీ, ఇక ఆవిడ జోలికి పోనని ప్రమాణం చేశారు. ఉద్యోగం ఆయన మొహాన కొట్టి పోదామనుకున్నాను. పోతే ఆ వసారాకూ మా అత్త గదికీ మధ్య అడ్డం ఎవరుంటారు? అందుకే ఉన్నాను. ఉన్నందుకు ఆ ముఖాలన్నిటికీ నా చేత్తోనే ఇంకు గీత దింపాను, అన్నిటికీ ఒకటే చీర కట్టాను. ఫోటోలు తీయడం అయిపోయాక సెల్లులను పారేసేవాళ్ళం కాదు, ఖరీదైన సరుకు కనుక తడిగుడ్డతో తుడిచి మళ్ళీ వాడేవాళ్ళం. మామూలుగా అది భాయ్ పని. ఆ కట్ట మాత్రం నాకివ్వు అని అడిగి తీసుకున్నాను. బావి గట్టున కూర్చుని, బకెట్లో గుడ్డ ముంచి, ఒక్కొక్క ముఖాన్నీ కళ్ళ దగ్గర నుంచి మొదలుపెట్టి తుడిచాను. ఊకో అత్తమ్మా, ఊకో అంటూ తుడిచానట, భాయ్ తరువాత చెప్పాడు. వాటి మీదే పై నెల బట్టల సబ్బు ప్రకటన గీశారు.

సినిమా పూర్తయి, పంజాగుట్టలో ఒక చిన్న హాలులో పెద్దమనుషులకు చూపించారు. అత్తను తీసుకురమ్మని డైరెక్టరు గారే కారు పంపారు, శాలువా కప్పుతారట. నేను వద్దంటే వద్దన్నాను. కానీ సినిమా అన్న మాట ఆమె చెవిన పడింది, చిన్నపిల్లలా పట్టుచీర తీయించుకుని కట్టుకుంది. ఎన్ని రోజుల తరువాతో ఆ ముఖంలో నవ్వు కనిపించింది, దాన్ని కాదనే ధైర్యం మా బాపుకూ లేకపోయింది, నాకూ లేకపోయింది.

దీపాలు ఆర్పారు. తెర మీద గల్లీ, జామచెట్టు, గేటు, గేటు మీద వేళ్ళు. అత్త మురిసిపోతూ చూసింది, బొమ్మలు మంచిగ నడుస్తున్నయ్ బిడ్డా అని నా చెవిలో అంది. ఆ ముసలామె తానేనని ఆమెకు తట్టనే లేదు, ఆ హాలులో ఆ సంగతి తెలియనిది ఆమెకు ఒక్కదానికే. ఇంతలో ఆ ముఖం వచ్చింది, తెరంత పెద్దదై, మాట లేకుండా. చుట్టూ ముక్కులు ఎగబీల్చడం వినిపించింది. మా ముందు వరుసలో ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. అత్త నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“ఎవలు సచ్చిండ్రు బిడ్డా, గిందరు ఏడుస్తుండ్రు?”

“ఎవలు సావలే అత్తమ్మా. గదంత సినిమానే.”

ఆమె తెర వైపు చూసింది, మళ్ళీ నా వైపు తిరిగింది. ఆ చీకట్లో కూడా ఆమె చెంపల మీద తడి కనిపించింది.

“మరి నాకెందుకు బిడ్డా గింత దుఃఖమొస్తుంది?”

దీపాలు వెలిగాయి, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, డైరెక్టరు గారు వచ్చి, కారణం తెలియని ఏడుపు ఏడుస్తున్న మా అత్త భుజాల చుట్టూ శాలువా కప్పారు. ఫోటోలు తీశారు. ఆ ఏడు దాటకుండానే ఆమె పోయింది, తిండి మానేసి, తలుపు గడియ వేసుకునే మనిషిగానే పోయింది. డైరెక్టరు గారు బొంబాయి వెళ్ళి పెద్దవాడయ్యాడు. ఉసురు తగలలేదు.

ఆ ఇల్లు లేదు, ఆ గల్లీ ఉందో లేదో హాస్టళ్ళ మధ్య నాకే ఆనవాలు దొరకలేదు. సాయంత్రం ఎవరి కోసమైనా గేటు దగ్గర నిలబడేవాళ్ళే లేరు, మనిషి ఎక్కడున్నాడో ఫోనే చూపిస్తుంది, అబద్ధం చెప్పి ఒక ముద్ద తినిపించే వీలు ఎవరికీ లేదు. ఇంటికి వచ్చి మా మనుమరాలికి ఇదంతా చెబితే, ఆ సినిమా పేరు చెప్పు అమ్మమ్మా, వెతికి చూపిస్తాను, ఇప్పుడు ఏదీ పోదు అంది. పేరు మరిచిపోయానన్నాను. మా రోజుల్లో పోవడం అనేది ఒకటుండేది. రీళ్ళు పోయేవి, ఇళ్ళు పోయేవి, మనుషులు మరిచిపోయేవారు, మరిచిపోనిచ్చేవారు. నా చేతి గీత ఉన్న సినిమా లోకంలో అదొక్కటే. అది ఏ రేకు డబ్బాలోనో అంటుకుపోయి, బూజు పట్టి, పనికిరాకుండా పోయి ఉండాలని రోజూ దేవుడికి దండం పెట్టుకుంటాను. అది ఎక్కడ ఆడినా మా అత్త మళ్ళీ తల దువ్వుకుని గేటు దగ్గరికి వస్తుంది, మళ్ళీ ఆమెకు నిజం చెబుతారు.